పాముకి దగ్గడం రాదు

పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. గేదె గురించో కుక్క గురించో అయితే నన్ను అడగరు, వాళ్లకు నాకంటే ఎక్కువే తెలుసు. ఈమధ్య తరచుగా అడిగేది ఒకటే. "సార్, ఇంట్లో పెంచుకునే పాముకి జబ్బేమీ లేకపోయినా ఏడాదికోసారి పరీక్ష చేయించమని చెప్పాలా, అక్కర్లేదా?"

ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. చెప్తే మీరు అదే ముక్క పాము యజమానికి చెప్పేసి మరిచిపోతారు. అందుకని సూరత్‌లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. చదివాక మీరే తేల్చుకోండి.

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం సూరత్ దగ్గర బార్డోలీ వైపు చెరకు పొలాల మధ్య గడిచింది. బండెద్దుల మెడపుండ్లు, అడ్డం తిరిగిన దూడలు, పొదుగు వాపులు. చివరి కొన్నేళ్లు మాత్రం సూరత్ ఊళ్లోనే అడాజన్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేశాను. దాన్ని నడిపే డాక్టరమ్మ గుజరాతీ, వయసులో నాకు కూతురంత. అయినా అందరితోపాటు నేనూ 'బెన్' అనే పిలిచేవాణ్ణి. ఆ ఊళ్లో ఆ మాటలో అక్కా ఉంది, మేడమూ ఉంది. మా అటెండరు మాత్రం మన తెలంగాణవాడే. బట్టలు నేసే లూమ్‌ల మధ్య సగం జీవితం గడిపి, ఆ రొదకు వినికిడి పోగొట్టుకుని, మా దగ్గర చేరాడు. తనకు వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడదనుకుని, ప్రతి మాటా అరిచి చెప్పేవాడు.

నేను క్రైస్తవ విశ్వాసిని. మా నాన్న సంఘపెద్ద. మా ఇంట్లో అన్నం కంటే ముందు వాక్యం వడ్డించేవారు. బల్ల మీదికి వచ్చిన ప్రాణి ఏదైనా సరే, చేయి వేసే ముందు మనసులో ఒక్క మాట ప్రార్థించడం నాకు అలవాటు. పాము దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తడబడేది. లేఖనంలో మొదటి పుటల్లోనే శాపం పొందిన జంతువది. అదే లేఖనంలో, అరణ్యంలో కాటు తిన్న జనం తలెత్తి చూసి బతికింది కూడా ఒక ఇత్తడి పాము రూపాన్నే. రెండూ చదివినవాణ్ణే. చేయి చాచేటప్పుడు మాత్రం మొదటిదే గుర్తొచ్చేది.

అటెండరుకి ఇది తెలుసు. "సార్, మీ దేవుడేమో దీని తల తొక్కుమన్నడంట. మీరేమో నోరు తెరిసి పండ్లు సూస్తున్రు. గాయనకు తెలిస్తే ఎట్ల?" అని వెయిటింగ్ హాలంతా వినపడేలా అడిగేవాడు.

"ఆయనే పంపించిండు, పట్టుకో" అనేవాణ్ణి.

మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. విదేశీ జాతులు కొన్నింటిని అటవీశాఖ దగ్గర నమోదు చేయించి పెంచుకోవచ్చు. సూరత్‌లో అలా పెంచేవాళ్లు మెల్లగా పెరిగారు. ఒకరోజు మధ్యాహ్నం టీ దగ్గర బెన్ ఆ సంగతి ఎత్తింది.

"కుక్కలకు ఏడాది పరీక్ష పెట్టాం. పిల్లులకు పెట్టాం. చిలకలకూ పెట్టాం. పాములకు పెట్టాలా వద్దా?"

"వద్దు" అన్నాను. నా కారణాలు నాకున్నాయి. పాముకి ఏటా వేయాల్సిన టీకా లేదు. దాన్ని సంచిలో వేసి, ఎండలో ఊరు దాటించి, కుక్కలు మొరిగే హాల్లో కూర్చోబెట్టి, బల్ల మీద సాగదీయడమే దానికి ఒక జబ్బు. కొన్నప్పుడు ఒకసారి చూపించి, ఆ తర్వాత వెచ్చగా ఉంచి, శుభ్రంగా చూసుకుంటే చాలు. జబ్బు చేస్తే ఎలాగూ తెస్తారు.

"జబ్బు చేసిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది?" అంది బెన్.

"తిండి మానేస్తుంది."

"బాగున్న పాము కూడా నెలల తరబడి మానేస్తుంది కదా?"

నేను టీ తాగాను. ఆమె నవ్వి, "వాటిని చూసేది మీరే, మీరే తేల్చండి. సోమవారం నుంచి మీరు ఏది చెప్తే అదే ఈ క్లినిక్ మాట" అంది. నా మనసులో అప్పటికే తేలిపోయింది. సోమవారం దాకా ఆగింది మర్యాదకే.

ఆ శుక్రవారం ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలు మన తెలుగుపిల్ల. వాళ్ల నాన్న లూమ్ పనికని వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. సూరత్‌లోనే పుట్టి, చీరల డిజైన్లు వేసే ఉద్యోగం చేస్తూ, గుజరాతీ ఇంటికి కోడలైంది. ఆమెతోపాటు పెళ్లికి ముందు నుంచి పెంచుకుంటున్న పామూ అత్తింటికి వచ్చింది. ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న కొండచిలువ జాతి, భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. అత్తగారు తెల్లజుట్టు పెద్దావిడ, మెడలో తులసిమాల. వాళ్లది వెల్లుల్లి కూడా గడప దాటి రాని ఇల్లు. దిండుగలీబులో పాము ఉన్న ప్లాస్టిక్ డబ్బాని ఆమే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ గుజరాతీలో సంగతంతా చెప్పింది. ఇల్లు చిన్నది, అపార్ట్‌మెంట్ సొసైటీలో పక్కవాళ్ల కళ్లు పెద్దవి. డబ్బా లిఫ్టు ఎక్కిన ప్రతిసారీ ఏముందని ఎవరో అడుగుతారు. ఆవిడ భర్త చీరల వ్యాపారి. ఆయన మొన్న తేల్చి చెప్పాడట, ఈ జీవిని మాటిమాటికీ ఆస్పత్రికి మోయాలంటే ఇంట్లో ఉంచేది లేదు, పెంచుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చేయండి అని. "అందుకని డాక్టర్ సాహెబ్, మళ్లీ తేవాలా వద్దా, మీరు ఒక్క మాట చెప్తే ఆయనకు వినిపిస్తాం."

కోడలు తల వంచుకుని, అత్తకు అర్థం కాదన్న ధైర్యంతో తెలుగులో గొణిగింది. "అంకుల్, జర అవసరం లేదని చెప్పుండ్రి. ప్లీజ్. ఇది పోతే నేను ఉండలేను, నిజంగ."

నా అభిప్రాయమూ అదే కదా. చెప్పేస్తే సరిపోయేది. వచ్చారు కాబట్టి ఒకసారి చూసి చెప్దామని డబ్బా మూత తీశాను.

తూకం వేస్తే నేను అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది. వానలు మొదలైనప్పటి నుంచి తినలేదని కోడలు చెప్పింది. ఈ జాతికి అది వింత కాదు. అటెండరు మొండెం పట్టుకున్నాడు, నేను నోరు తెరిచాను. చిగుళ్లు బాగానే ఉన్నాయి. కింది దవడ మీద, గాలి పోయే సన్నటి ద్వారం పక్కన ఒక బుడగ కనపడింది. చూస్తుండగానే పగిలి, ఇంకోటి వచ్చింది.

"ఏసీ ఆపు" అన్నాను. "ఫ్యాన్ కూడా."

"ఏంది సార్?" అని అరిచాడు అటెండరు.

నోటి మీద వేలు పెట్టి సైగ చేశాను. గది ఒక్కసారిగా ఉక్కపోసింది. బయట బస్సు ఒకటి ఆగి, కదిలి వెళ్లేదాకా ఎవరూ ఊపిరి గట్టిగా పీల్చలేదు. పాము తల దగ్గర చెవి పెట్టాను. వృత్తిలో ఎన్నో చేశాను గానీ, పాము మూతికి అంత దగ్గరగా నా మొహం ఎప్పుడూ పెట్టలేదు. ఏమీ వినపడలేదు. కుబుసం విడిచే ముందు కూడా నోట్లో కాస్త తడి చేరుతుంది, అదే అనుకుని లేవబోయాను. అప్పుడు వినపడింది. తడివేలితో గాజు మీద రాసినట్టు, సన్నటి ఈల.

ఊపిరితిత్తి. చాలా పాములకు ఒకవైపుదే పనిచేస్తుంది, ఈ జాతికి రెండోది ఉన్నా చిన్నది. అందులో తేమ చేరితే మనలా దగ్గి బయటికి నెట్టడానికి దానికి కుదరదు. దానికి దగ్గడం రాదు. లోపలికి పోయింది లోపలే ఉంటుంది.

"పెట్టె వెచ్చగా ఉంటోందా?" కోడలు ఫోన్ తీసి థర్మామీటరు ఫోటోలు చూపించింది. వేడి సరిగ్గానే ఉంది. నీళ్లు రోజూ మారుస్తోంది. పడకలో బూజు లేదు. చచ్చిన ఎలుకలు ఒక స్నేహితురాలి ఫ్రిజ్‌లో ఉంటాయి, అత్త గుడికి వెళ్లిన పూట తెచ్చి బాల్కనీలో పాముకి పెడుతుంది. ఆ సంగతి అత్తకు తెలుసు, తెలియనట్టు గుడిలో ఇంకాస్త ఎక్కువసేపు కూర్చుంటుంది. పెంపకంలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "నేను ఏం తప్పు చేసిన అంకుల్?" అని హిందీలో, తెలుగులో, మళ్లీ గుజరాతీలో అడిగింది.

పెద్దావిడ మాత్రం ఒక్క మాటా అనలేదు. అంతకుముందు నోరు మూతపడని మనిషి. తులసిమాల పూసలు వేళ్లతో తిప్పుతూ పాముకేసి చూస్తోంది.

ఎక్స్‌రే తీయాలని చెప్పి కోడల్నీ అటెండర్నీ పక్కగదిలోకి పంపాను. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"బా" అన్నాను, అక్కడ పెద్దావిడల్ని అమ్మా అన్నట్టు అలాగే పిలుస్తారు. "మీరూ నేనూ దేవుడికి భయపడేవాళ్లం. దీనికి మీరేమైనా పెట్టారా?"

ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. చెప్పింది. వాళ్ల ఇళ్లల్లో నాగపంచమికి నీళ్లబిందెలు పెట్టే చోట గోడ మీద నాగుల బొమ్మ గీసి, దీపం పెట్టి, సజ్జపిండీ బెల్లమూ నెయ్యీ కలిపిన ఉండలు నైవేద్యం పెడతారు. "ఈసారి ఇంట్లోనే నాగ్‌బాపా ఉండగా గోడ మీద గీయడం ఏమిటి సాహెబ్? అప్పటికే ఎన్ని వారాల నుంచి ఉపవాసమో! మనం ఉపవాసం ఉంటే మన ఇష్టం. దానికి ఎవరూ పెట్టకపోతే అది ఉపవాసమా, పస్తా?" పసిపిల్లలకు మందు పోసే డ్రాపరుతో పాలు పోసిందట. మూతి పక్కన చుక్కచుక్కగా. మింగింది, సంతోషపడింది అనుకుంది. పండగ తర్వాత కూడా, కోడలు ఆఫీసుకి వెళ్లాక, ఆకలిగా చూసినట్టు అనిపించినప్పుడల్లా పోసింది.

నాకు కోపం రాలేదు. రావాల్సిందేమో. కానీ ఆమె చేతుల్లో భయం లేదు, నా చేతుల్లో ఉంది. ఆకలిగొన్నదనుకుని ఆ నోటికి దగ్గరగా చేయి పెట్టింది.

"నా వల్లేనా?" అంది.

"పాలు ఊపిరితిత్తిలోకి పోయాయి, బా."

"బతుకుతుందా?"

"తెలియదు."

"కోడలికి చెప్పకండి" అంది. "మొదటి రోజు దీన్ని చూసి నేను కేకలు పెట్టాను. ఇప్పుడు నేనే చంపానంటే ఎలా నమ్ముతుంది, ప్రేమతో చేశానని?"

మాట ఇవ్వలేదు. అలాగని పక్కగదిలోకి వెళ్లి ఆ పిల్లకు చెప్పనూ లేదు. మొదటి సూది వేసి, పామును మా వెచ్చటి పెట్టెలో ఉంచుకున్నాం. మళ్లీ తేవాలా వద్దా అన్నదానికి జవాబు సోమవారం చెప్తానన్నాను.

ఆదివారం ఆరాధనకు వెళ్లాను. మా తెలుగు సంఘం ఒక కార్ఖానా మేడ మీద కూడుకునేది. కింద లూమ్‌లు ఆగవు, మా కీర్తనలకు తాళం అవే. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ఒకరు కొడుకు కామెర్లకు చెప్పారు, ఒకరు తమ్ముడి తాగుడు గురించి చెప్పారు. నేను లేచి, జబ్బుపడిన ఒక మూగజీవి కోసం ప్రార్థించమన్నాను.

"ఏ జీవి సార్? బర్రెనా?" అన్నాడు అక్కడి సంఘపెద్ద.

"పాము."

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్ సాబ్, బర్రె కోసం చేసినం, మేక కోసం చేసినం. గిదేంది? దాని కోసం మోకాళ్ల మీద కూసుంటే పైన ఏమనుకుంటరు?"

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో బాబిన్లు చుట్టే పని చేసే ఒక ముసలమ్మ ఉండేది. ఆమె వెనక్కి తిరిగింది. "చేసింది ఎవలు బిడ్డా? గాయనే గదా. చేసేటప్పుడు మిమ్ముల అడిగి చేసిండా? కండ్లు మూసుకోండ్రి అందరు." అని తనే మొదలుపెట్టింది. "తండ్రీ, గా పాము ఎవలిదో నాకెరుక లేదు. దాన్ని సూస్తే నా పానం పోతది. అయినా నువ్వు చేసినవ్. డాక్టరు చేతులకు బుద్ధియ్యి. దాన్ని బతికియ్యి. నన్ను మాత్రం దానికి దూరం పెట్టు."

అందరూ ఆమేన్ అన్నారు, చివరి మాటకు మరింత గట్టిగా.

ఆ మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్లి ఆ పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను. అది నన్ను చూస్తోందో లేదో తెలియదు, దానికి రెప్పలు లేవు. గేదె బాధయితే అరుస్తుంది, కుక్క మూలుగుతుంది, బిడ్డ దగ్గుతుంది. ఇది ఏమీ చెప్పదు. జబ్బు చేస్తే తెస్తారని నేను బెన్‌కి గట్టిగా చెప్పాను. ఈ ఇంట్లో దానిమీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఇద్దరున్నారు. ఒకరికి వేడీ నీళ్లూ కుబుసమూ అన్నీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరికీ జబ్బు తెలియలేదు. మళ్లీ తేవక్కర్లేదని చెప్పించుకోవడానికి తెచ్చారు కాబట్టి మాత్రమే నేను విన్నాను. అందులో కూడా చెవికి దొరికింది సగమే. మిగతా సగం, పాముని కాదు, మనుషుల్ని అడిగితే దొరికింది.

కానీ అవసరమని చెప్తే ఆ పిల్ల దగ్గర నుంచి దాన్ని తీసేస్తారు. అక్కర్లేదని చెప్తే ఇంకో నాగపంచమి వస్తుంది. రెండింటి మధ్యా రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం వ్యాపారి స్వయంగా వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు. వెనక కోడలు, ఆమె వెనక పెద్దావిడ. ఆయన కూర్చోలేదు.

"సాహెబ్, మార్కెట్‌లో నాది ఒక్కటే మాట. మీరూ ఒక్క మాట చెప్పండి. బాగయ్యాక దీన్ని మళ్లీ మళ్లీ తేవాలా, వద్దా?"

కోడలు నా మొహంలోకి చూస్తోంది. బెన్ తన గది తలుపు దగ్గర నిలబడింది.

"తేవాలి" అన్నాను. "ఏడాదికోసారి. మందు కోసం కాదు, వినడానికి."

ఆ పిల్ల కళ్లు మూసుకుంది.

"అయితే అయిపోయింది" అన్నాడాయన. "ఎవరికైనా ఇచ్చేద్దాం. అసలు దీనికి జబ్బెందుకు వచ్చింది?" కోడలివైపు తిరిగాడు. "నువ్వే కదా చూసుకునేది? ఇంటి పాము ఇంట్లో ఉంటే జబ్బెలా వస్తుంది?"

కోడలు తల అడ్డంగా ఊపింది. ఆయన నావైపు చూశాడు. నాకు తెలుసు, నేను చెప్పొచ్చు. పెద్దావిడ వైపు చూడకుండా ఉండటానికి గోడ మీద కుక్కల దాణా పోస్టరు చదువుతున్నాను. ఆ పోస్టరులో ఏముందో ఇప్పుడు అడిగినా చెప్తాను.

"నేను పాలు పోశాను" అంది పెద్దావిడ.



"పండగకి పోశాను. తర్వాతా పోశాను. పిల్లని తిట్టకండి, నన్ను తిట్టండి." కోడలి మణికట్టు పట్టుకుంది. "నీకు చెప్పాల్సింది బేటా. భయపడ్డాను."

ఆ పిల్ల అత్తని చూసి, పెట్టెని చూసి, మళ్లీ అత్తని చూసింది. "డ్రాపర్‌తోనా, మమ్మీ? చేత్తో పట్టుకునా?" అంది. కోపం ఉంది ఆ గొంతులో. అంతకంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది.

వ్యాపారి మాత్రం పట్టు వదల్లేదు. "ఎవరు పోస్తేనేం? ఏటా ఆస్పత్రికి మోసే జీవి మన ఇంట్లో..."

పెద్దావిడ కొంగు బిగించింది. "మీరు మూడు నెలలకోసారి షుగర్ పరీక్షకు వెళ్తారు. ఇంటికొచ్చి దొంగతనంగా జలేబీ తింటారు. మిమ్మల్ని ఎవరికైనా ఇచ్చేశామా?"

నవ్వు ఆపుకోలేక బెన్ గభాలున తన గదిలోకి వెళ్లిపోయింది. అటెండరు "ఏమన్నది సార్, ఏమన్నది?" అని అరిచాడు. నేను అతని చెవి దగ్గర తెలుగులో చెప్పాను. అతను నవ్విన నవ్వుకి వెయిటింగ్ హాల్లో ఒక కుక్క మొరిగింది. వ్యాపారి ఆ కుక్కవైపు కాసేపు చూశాడు. "ఏడాదికి ఒక్కసారే కదా?" అన్నాడు చివరికి. "ఎక్కువైతే కాదు."

అంతటితో అయిపోలేదు. మూడు రోజులకో సూది. తూకం తగ్గుతూనే వచ్చింది. ఒక దశలో పాము తల పైకెత్తి, నోరు కాస్త తెరిచి ఊపిరి తీసింది. అది మంచి సూచన కాదని మీకు తెలుసు. ఆ రోజు కోడలికి ఫోన్ చేసి వచ్చి చూసుకోమన్నాను. వచ్చింది, ఏడవలేదు, పెట్టె పక్కన నేల మీద కూర్చుని చీర డిజైన్లు వేసుకుంది. అత్త ఆమెకు టిఫిన్ డబ్బా తెచ్చింది.

ఆ వారం దాటింది. బుడగలు తగ్గాయి. మళ్లీ ఏసీ, ఫ్యాన్ ఆపి చెవి పెట్టాను. ఈల లేదు. నా చెవి మీద నమ్మకం లేక బెన్‌ని కూడా వినమన్నాను, ఆమే లేదంది. ఇక మిగిలిన పరీక్ష ఒక్కటే, తింటుందా లేదా. తింటే బతికినట్టు. తినకపోతే నా దగ్గర ఇంకేమీ లేదు.

కోడలు స్నేహితురాలి ఇంటి నుంచి ఎలుకని తెచ్చింది. వేడినీళ్లలో ఉంచి వెచ్చబరిచింది. పెద్దావిడను బయట కూర్చోమన్నాం. "తప్పు చేసినప్పుడు లోపలే ఉన్నాను, ఇప్పుడు బయట ఎందుకు?" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంటి గడపలోకి గుడ్డు కూడా రానివ్వని మనిషి, పెట్టెకి రెండడుగుల దూరంలో నిలబడింది.

కోడలు పటకారుతో ఎలుకని లోపల పెట్టింది. పాము కదల్లేదు. కాసేపటికి నాలుక ఒకసారి బయటికి వచ్చింది. మళ్లీ ఏమీ లేదు. అటెండరు కూడా గుసగుసగా మాట్లాడగలడని ఆరోజే తెలిసింది. "తింటదా సార్?" అన్నాడు.

చప్పుడు లేకుండా, చూపుకి అందకుండా అది పట్టేసింది. చుట్టుకుంది. నెమ్మదిగా తల సర్దుకుని మింగడం మొదలుపెట్టింది.

నేను తల వంచి ప్రార్థించాను. ఆరోజు మాట తడబడలేదు. తలెత్తేసరికి పెద్దావిడ గోడవైపు తిరిగి, మాల పట్టుకుని, ఇంకా పెదవులు కదుపుతోంది. ముగించి ఇటు తిరిగాక, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు కూడా దాని కోసమే ప్రార్థించారా, బా?" అన్నాను.

"కాదు సాహెబ్" అంది. "దానికి మీరున్నారు. నేను ఎలుక కోసం చేశాను."